మొబైల్ ఫేజ్‌లోకి మెథనాలా, అసిటోనైట్రైలా?

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో చేరబోయే ఎమ్మెస్సీ, బీఫార్మసీ పిల్లలకు హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో కలిసున్న పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) పదాలన్నీ ఒకేసారి మీద పడతాయి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు నాలుగు మాటలు. కాలమ్ అంటే సిలికా కణాలు కూరిన స్టీలు గొట్టం. ఎక్కువగా కనిపించేది 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. లోపలి వ్యాసం, 5 మైక్రాన్ల కణాలున్నది. కణాల మీద 18 కార్బన్ల గొలుసులు అతికిస్తే అది సీ18. కదలకుండా ఉండే ఇదే స్టేషనరీ ఫేజ్. పంపు తోసే ద్రవం మొబైల్ ఫేజ్, అంటే నీళ్లు లేదా బఫర్‌తో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంతో) కలిపిన సాల్వెంట్, మన ప్రశ్నలోని మెథనాల్ లేదా అసిటోనైట్రైల్. ఇంజెక్ట్ చేసిన పదార్థం బయటికొచ్చి పీక్ (డిటెక్టర్ గ్రాఫ్‌లో లేచే గుట్ట) శిఖరం చూపించడానికి పట్టే సమయం రిటెన్షన్ టైమ్.

ఇక సాల్వెంట్ సంగతి. నన్నడిగితే మొదట చూడాల్సింది ధర కాదు, డిటెక్టర్ వేవ్‌లెంగ్త్. మెథనాల్ యూవీ కటాఫ్ (దీనికన్నా తక్కువ వేవ్‌లెంగ్త్‌లో సాల్వెంటే కాంతిని బాగా పీల్చేసుకుంటుంది) సుమారు 205 నానోమీటర్లు, అసిటోనైట్రైల్‌ది 190. కెఫీన్‌ని 273 దగ్గర చూస్తాం కాబట్టి మెథనాల్ హాయిగా సరిపోతుంది. అదే 210 దగ్గర గ్రేడియెంట్ నడిపితే, అంటే రన్ సాగేకొద్దీ సాల్వెంట్ శాతం పెంచుతూ పోతే, మెథనాల్‌తో బేస్‌లైన్ (పీకులు లేనిచోట గ్రాఫ్ గీత) పైకి ఎక్కుతూనే ఉంటుంది. చిన్న ఇంప్యూరిటీ పీకులు అందులో కనబడకుండా పోతాయి. అక్కడ అసిటోనైట్రైల్ తప్పదు.

ప్రెషర్‌లోనూ అసిటోనైట్రైల్‌దే పైచేయి. మెథనాల్, నీళ్లు దాదాపు సగం సగం కలిపితే ఆ మిశ్రమం విడి నీళ్ల కన్నా, విడి మెథనాల్ కన్నా చిక్కగా తయారవుతుంది. ఫ్లో నిమిషానికి 1 మి.లీ.నే ఉన్నా బ్యాక్ ప్రెషర్ (ద్రవాన్ని కాలమ్‌లోంచి తోయడానికి పంపు మీద పడే ఒత్తిడి) పెరుగుతుంది. కొత్తవాళ్లు కాలమ్ బ్లాక్ అయిందేమోనని టెన్షన్ పడేది ఇక్కడే.

కలిపేటప్పుడు సీసా పట్టుకుని చూడండి. మెథనాల్, నీళ్లు కలిస్తే వెచ్చబడుతుంది, అసిటోనైట్రైల్ అయితే చల్లబడుతుంది. ఆ చల్లటి మిశ్రమాన్ని వెంటనే పంపుకి పెడితే, అది వెచ్చబడేకొద్దీ గాలి బుడగలు వచ్చి ప్రెషర్ ఊగుతుంది. గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, డీగ్యాస్ చేశాకే (అందులో కరిగిన గాలి తీసేశాకే) పెట్టాలి. ఫాస్ఫేట్ బఫర్ వాడుతుంటే ఇంకో జాగ్రత్త: అసిటోనైట్రైల్ శాతం బాగా పెరిగితే ఉప్పు విడిపోయి లైన్లలో పేరుకుంటుంది. ఈ విషయంలో మెథనాల్ కాస్త నయం.

ధర, దొరకడం చూస్తే మెథనాలే. అసిటోనైట్రైల్ చాలావరకు అక్రిలోనైట్రైల్ తయారీలో ఉప ఉత్పత్తిగా వస్తుంది. 2008 చివర్లో ఆర్థిక మాంద్యంతో కార్ల గిరాకీ పడిపోయి, వాటి ప్లాస్టిక్ భాగాల తయారీకి వాడే అక్రిలోనైట్రైల్ ఉత్పత్తి తగ్గింది. దాంతో ప్రపంచమంతా ల్యాబ్‌లు అసిటోనైట్రైల్ కోసం అల్లాడాయి.

ఒకదాని బదులు ఇంకొకటి అదే శాతంలో పోయకూడదు. 50 శాతం మెథనాల్ చేసే పనిని దాదాపు 40 శాతం అసిటోనైట్రైల్ చేస్తుంది. పైగా రెండింటి స్వభావం వేరు. మెథనాల్ హైడ్రోజన్ బంధాలు ఇస్తుంది, అసిటోనైట్రైల్ ఇవ్వదు. అందుకే ఒకదానిలో అతుక్కుపోయిన రెండు పీకులు మరోదానిలో విడిపోవచ్చు, వరుస కూడా మారొచ్చు.

ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) మెథడ్ అయితే అందులో రాసిందే వాడాలి. సొంతంగా మెథడ్ మొదలుపెట్టేవాళ్లు మాత్రం, 230 నానోమీటర్ల పైన చూసే పదార్థమైతే ముందు మెథనాల్‌తోనే ప్రయత్నించండి. పీకులు విడకపోతేనో, ప్రెషర్ మరీ ఎక్కువైతేనో అసిటోనైట్రైల్‌కి మారండి.