డిప్రెషన్ ముదిరితే: మాత్రలా, ఈసీటీయా?

డాక్టరు ఈసీటీ (మెదడుకు కొద్దిసేపు కరెంటు పంపి చేసే చికిత్స) అనగానే ఇంట్లోవాళ్ల కళ్ల ముందు సినిమా షాకులే మెదులుతాయి. అసలు మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

వేగం: మాత్రల గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ఈసీటీతో చాలామందిలో మార్పు త్వరగా వస్తుంది.

శ్రమ: మాత్రలు ఇంట్లోనే, కానీ నెలల తరబడి. ఈసీటీకి వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 6 నుంచి 12 సార్లు, పరగడుపున ఆసుపత్రికి వెళ్లాలి. తోడు ఒకరుండాలి.

ఖర్చు: మాత్రలకు నెలనెలా కాస్త. ఈసీటీకి మత్తు డాక్టరుతో కలిపి ఒక్కసారే బరువు.

ఇబ్బందులు: మాత్రలతో వికారం, బరువు పెరగడం, లైంగికాసక్తి తగ్గడం. ఈసీటీ తర్వాత తలనొప్పి, ఒళ్లునొప్పులు, కాసేపు అయోమయం. అసలు బెంగ మతిమరుపుది. కొత్త సంగతులు గుర్తుండకపోవడం సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చికిత్సకు ముందు నెలల జ్ఞాపకాలు కొన్ని మాత్రం కొందరికి తిరిగి రావు. ఇది చెప్పకుండా సంతకం తీసుకోవడం అన్యాయం.

అన్నం, మాట మానేసినవాళ్లకు, ప్రాణం తీసుకునే ఆలోచన తీవ్రంగా ఉన్నవాళ్లకు ఈసీటీ. పని చేసుకోగలుగుతూ, ఇంకా మందులు సరిగ్గా వాడి చూడనివాళ్లకు ముందు మాత్రలే. అన్నట్టు, ఈసీటీతో తేరుకున్నాక కూడా మాత్రలు తప్పవు. ఆపేస్తే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది.