కేమన్‌లో ఐదేళ్లుగా మొబిల్ 1 0డబ్ల్యూ-40 వాడుతున్నాను, నా అనుభవం ఇదీ

డాలస్ పక్కన ఉంటాం. 2020 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో 2010 పోర్షె కేమన్ కొన్నాను, 2.9 లీటర్ల ఫ్లాట్ సిక్స్ (ఆరు సిలిండర్లు రెండు పక్కలా పడుకున్నట్టుండే ఇంజన్), మాన్యువల్ గేర్లు. ఎన్నో ఏళ్లు అనుకుని అనుకుని కొన్న బండి, అందుకే దాని ఇంజన్‌లో ఏం పోస్తున్నామన్నది నాకు చాలా పట్టింపు. ఇప్పటిదాకా పోసింది ఒకటే ఆయిల్, మొబిల్ 1 ఎఫ్ఎస్ 0డబ్ల్యూ-40. మధ్యలో ఒక్క రోజు మాత్రం తేడా వచ్చింది, ముందు ఆ సంగతే చెప్తాను.

బండి కొన్న కొత్తలో ఇంటి దగ్గరున్న ఒక క్విక్ ఆయిల్ చేంజ్ షాపుకి తీసుకెళ్లాను. ఫుల్ సింథటిక్ పోయండి అని చెప్పి కూర్చున్నాను. అరగంటలో అయిపోయింది, డబ్బులు కట్టి బయటికొచ్చి రసీదు చూస్తే 5డబ్ల్యూ-20 అని ఉంది. వెనక్కి వెళ్లి అడిగితే, మీరు ఫుల్ సింథటిక్ అడిగారు, అదే పోశాం అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, అది సింథటిక్కే. కానీ ఈ ఇంజన్‌కి పనికొచ్చే ఆయిల్ కాదు. ఇంటికి నాలుగు మైళ్లు, ఇంజన్‌ని గట్టిగా తిప్పకుండా మెల్లగా నడుపుకుంటూ వచ్చి, ఆ రాత్రే గరాజ్‌లో మొత్తం దించేశాను. అప్పట్నుంచి ఆయిల్ నేనే మార్చుకుంటున్నాను.

చాలామంది పొరపడేది ఇక్కడే. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో రాసిన సింథటిక్ అనే మాట చూసి కొనేస్తారు. అమెరికాలో 1990ల చివర్లో మొబిల్ కంపెనీ క్యాస్ట్రాల్ మీద ఫిర్యాదు చేసింది, ముడి చమురునే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 ఆయిల్‌ని సింథటిక్ అని ఎలా అమ్ముతారని. ప్రకటనల తగువులు తీర్చే సంస్థ క్యాస్ట్రాల్ వైపే మొగ్గింది. అందుకే ఇక్కడ సింథటిక్ అన్న డబ్బాలో గ్రూప్ 3 ఉండొచ్చు, రసాయన పద్ధతిలో తయారుచేసే పీఏఓ ఉండొచ్చు, రెండూ కలిపి ఉండొచ్చు. గ్రూప్ 3 చెడ్డదని నేననను, ఇప్పుడొచ్చేవి చాలా బాగుంటున్నాయి. కానీ ఆ మాట ఒక్కటే చూస్తే మన బండికి ఏది సరిపోతుందో తెలియదు.

చూడాల్సింది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా బండికైతే పోర్షె ఏ40. ఆ అప్రూవల్ ఉంటే పోర్షె వాళ్లు తమ పరీక్షలు పెట్టి ఆ ఆయిల్‌ని ఒప్పుకున్నారని అర్థం. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది, కొన్ని డబ్బాల మీద ఈ అప్రూవల్ అడిగే బండ్లకి మా ఆయిల్ వాడొచ్చని మేం సిఫారసు చేస్తున్నాం అని ఉంటుంది. అది ఆయిల్ కంపెనీ తనకు తాను చెప్పుకునే మాట, బండి కంపెనీ ఇచ్చిన మాట కాదు. నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ వాక్యం పూర్తిగా చదవండి.

గ్రేడ్ సంగతికొస్తే, విజయవాడ నుంచి వచ్చిన ఫ్రెండ్ ఒకడు నా గరాజ్‌లో ఈ జగ్గులు చూసి, బాబాయ్, ఇక్కడి ఎండ రెంటచింతల ఎండలా ఉంది, ఇంత పల్చటి ఆయిల్ పోస్తావేంటి, 20డబ్ల్యూ-50 పోయొచ్చు కదా అన్నాడు. మనవాళ్లలో చాలామందికి ఈ నమ్మకం ఉంది, చిక్కగా ఉంటేనే ఇంజన్‌కి బలమని. ఇంటి దగ్గర 20డబ్ల్యూ-40 లు చూస్తూ పెరిగినవాళ్లం కదా. కానీ ముందుండే 0డబ్ల్యూ అన్నది చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్పే అంకె మాత్రమే. వేడెక్కాక ఎలా ఉంటుందో చెప్పేది వెనక ఉన్న 40. వంద డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-40 అయినా 20డబ్ల్యూ-40 అయినా ఒకే హద్దుల్లో, 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. ఇంకో విషయం, 40 డిగ్రీల దగ్గర కూడా ఇలాంటి ఆయిల్ వంద డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే మండే ఎండలో కూడా, పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ చిక్కగానే ఉంటుంది, త్వరగా పైదాకా పాకితేనే మంచిది. టెక్సస్‌లో చలి ఉండదా అంటే, 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, అంతా టెన్షన్. రోడ్లు తెరుచుకున్నాక ఇంకా గడ్డ కట్టిన గరాజ్‌లో స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం టకటకమని వెంటనే సర్దుకుంది. ఆ రోజు ఈ ఆయిల్ మీద నాకు గురి కుదిరింది.

మరి 5డబ్ల్యూ-20 కి ఎందుకు అంత కంగారు పడ్డానంటే, హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఒక కొలత ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌లో పడే లాంటి గట్టి ఒరిపిడిలో ఆయిల్ ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో అది చెప్తుంది. 20 గ్రేడ్‌కి 2.6 ఉంటే చాలు. మొబిల్ 1 ఎఫ్ఎస్ లాంటి ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఏ3/బీ4 ప్రమాణానికి సరిపోయే ఆయిల్స్‌కి కనీసం 3.5 ఉండాలి. ఏడు వేల ఆర్‌పీఎం దాకా తిప్పే ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండేది ఆ సన్నటి ఆయిల్ పొరే, అది తెగితే లోహం లోహాన్ని రాస్తుంది. మామూలు కామ్రీకి సరిపోయేది దీనికి సరిపోదు.

ఇంతకీ ఆయిల్ ఎలా పనిచేసిందంటే, రోజువారీ నడకకి వంక పెట్టడానికి లేదు. కంపెనీ పుస్తకం చెప్పిన దూరంలో సగానికే మారుస్తున్నాను, నాది ఎక్కువగా దగ్గర దగ్గర తిరుగుడు కాబట్టి. రెండుసార్లు పాత ఆయిల్‌ని ఇండియానాలో ఉన్న బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపాను. ఇనుము, రాగి, సీసం దేనిమీదా కంగారు పడేదేమీ లేదని రిపోర్టు వచ్చింది. కొంచెం పల్చబడిందనీ, 40 గ్రేడ్ హద్దు దాటి కిందికైతే పోలేదనీ రాశారు. ఈ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడే 40 గ్రేడ్‌లో పల్చటి వైపు ఉంటుంది, కాబట్టి అది నేను ఊహించిందే.

లోపం కనిపించింది ట్రాక్ మీద. క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్తాను. ఇరవై నిమిషాల సెషన్లు, ఎండాకాలం మధ్యాహ్నం వరసగా మూడు చేస్తే, ఆఖర్న పిట్‌లోకొచ్చి ఐడిల్‌లో పెట్టినప్పుడు ఇంజన్ చప్పుడు పొద్దున ఉన్నంత మెత్తగా ఉండదు. ప్రమాదమేమీ కాలేదు, కానీ నాకు నచ్చలేదు. నెలకోసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లయితే ఇది కాకుండా ఏ40 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-40 చూసుకోండి, మోటుల్ 8100 ఎక్స్-సెస్ లాంటిది. ధర ఎక్కువే, కానీ అలాంటి వాడకానికి అదే న్యాయం. ఏడాదికి రెండుసార్లు వెళ్లే నాలాంటివాళ్లు ట్రాక్ రోజు అయ్యాక ఆయిల్ మార్చేసుకుంటే సరిపోతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మొబిల్ 1 లోనే 0డబ్ల్యూ-40 పేరుతో వేరు వేరు డబ్బాలున్నాయి. ఎఫ్ఎస్ వేరు, ఈఎస్‌పీ వేరు, కార్వెట్ లాంటి బండ్ల కోసం తెచ్చిన సూపర్‌కార్ అనేది వేరు. అంకె ఒకటే, లోపలి మందులు వేరు. నేను ఒకసారి తొందరలో ఈఎస్‌పీ తీసుకుని కౌంటర్ దాకా వెళ్లి, వెనక చదివి మళ్లీ పెట్టి వచ్చాను. వాల్‌మార్ట్‌లో ఐదు క్వార్ట్‌ల జగ్గు కొంటే, విడి క్వార్ట్‌లుగా కొన్నదానికంటే చాలా తక్కువ పడుతుంది. నా ఇంజన్‌కి ఫిల్టర్‌తో కలిపి ఏడున్నర లీటర్లు, అంటే దాదాపు ఎనిమిది క్వార్ట్‌లు పడుతుంది కాబట్టి రెండు జగ్గులు. మిగిలింది మధ్యమధ్యలో టాప్ అప్‌కి ఉంచుకుంటాను. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు, మీటర్‌లో గీతలు చూసుకుని పోయాలి, అందుకే ఒకేసారి మొత్తం కుమ్మరించకుండా ఏడు క్వార్ట్‌లు పోసి, ఇంజన్ వేడెక్కాక చూసుకుని మిగతాది పోస్తాను. డ్రెయిన్ ప్లగ్‌కి ప్రతిసారీ కొత్త వాషర్ వేసి 50 న్యూటన్ మీటర్లకి బిగిస్తాను.

హైదరాబాద్ నుంచి మా బావగారు తన ఆక్టేవియా టీఎస్ఐకి ఇదే పోయొచ్చా అని అడిగారు. బావా, ముందు మీ బండి పుస్తకంలో ఏ కోడ్ ఉందో చూడండి అన్నాను. 502 00 అని ఫొటో పెట్టారు, అది ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఆయిల్ అప్రూవల్ కోడ్. ఎఫ్ఎస్ డబ్బా మీద ఆ అప్రూవల్ కూడా ఉంది, కాబట్టి పోయొచ్చు. అయితే రోడ్డు పక్క షాపులో తక్కువకి వస్తుందని కొనొద్దని, సీలు చూసి బిల్లుతో తీసుకోమని చెప్పాను. అక్కడ నకిలీ డబ్బాల బెడద ఎక్కువ.

దించిన పాత ఆయిల్‌ని ఖాళీ అయిన అవే జగ్గుల్లో నింపి ఆటో పార్ట్స్ షాపులో ఇచ్చేస్తాను, డబ్బులేమీ తీసుకోరు.