బ్లూట్ ఆస్ నార్డా, డెత్‌స్పెల్ ఒమేగానా: ముందు ఏది వినాలి?

హెవీ మెటల్ సంగీతంలో ఒక శాఖ బ్లాక్ మెటల్. అందులో ప్రయోగాత్మకమైనది ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరిని అడిగినా రెండు పేర్లు జంటగా వస్తాయి: బ్లూట్ ఆస్ నార్డ్, డెత్‌స్పెల్ ఒమేగా. రెండూ ఫ్రాన్స్ బ్యాండ్లే. రెండూ జనం ముందుకు రావు, వేదికెక్కవు. రెంటినీ ఒకే గాటన కట్టేసి అపస్వరాల బ్లాక్ మెటల్ అని చెప్పి ఊరుకుంటారు. అది నమ్మి, ఒకటి నచ్చింది కదా అని రెండోదాంట్లోకి దిగినవాళ్లు చాలామంది పదినిమిషాల్లో బయటికొచ్చేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఈ రెండు బ్యాండ్లూ పగలగొట్టింది ఒకే ఇంటినే గానీ, పగలగొట్టిన గోడలు వేరు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు కదా. ఆ లెక్కన బ్లూట్ ఆస్ నార్డ్ తల్లి మాట వినని బిడ్డ, డెత్‌స్పెల్ ఒమేగా తండ్రి మాట వినని బిడ్డ. మీ చెవికి ఏ అవిధేయత ఎక్కువ రుచిస్తుందో తెలిస్తే సగం తేలిపోయినట్టే.

ముందు వీళ్లు పగలగొట్టింది ఏమిటో చూడాలి. 1990ల మొదట్లో నార్వే బ్యాండ్లు బ్లాక్ మెటల్‌కి ఒక రూపం ఖాయం చేశాయి. తీగను పైకీ కిందికీ ఆపకుండా మీటే ట్రెమొలో పికింగ్, డ్రమ్స్ మీద ఊపిరాడనివ్వని వేగంతో వాయించే బ్లాస్ట్ బీట్, గొంతు చీల్చుకునే అరుపు, కావాలనే నాసిగా వదిలేసిన రికార్డింగ్. పైకి ఎంత భీకరంగా ఉన్నా లోపల ఉండేవి చాలావరకు మామూలు మైనర్ కార్డులే, అంటే విషాదం పలికే స్వరగుచ్ఛాలే. ఆ రొద తీసేసి నెమ్మదిగా వాయిస్తే జోలపాటలా వినిపించే రిఫ్‌లు, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరసలు, బోలెడు. ఈ లోపలి మెత్తదనాన్ని ముందుగా కెలికింది కూడా నార్వేవాళ్లే. థార్న్స్ బ్యాండ్‌లో స్నోరె రూక్ వాయించిన వంకర కార్డులు, 1995లో వేద్ బ్యూన్స్ ఎండే తెచ్చిన ఒకే ఒక్క ఆల్బమ్ అందుకు సాక్ష్యం. ఫ్రెంచివాళ్లు ఆ దారాన్ని అందుకుని చివరికంటా లాగారు.

బ్లూట్ ఆస్ నార్డ్ నార్మండీ బ్యాండ్. విండ్స్‌వల్ అన్న మారుపేరుతో ఉండే గిటారిస్టే దీనికి కర్త, కర్మ. 1995, 1996ల్లో వచ్చిన తొలి రెండు ఆల్బమ్‌లు మంచు, పురాణం, కీబోర్డులు నిండిన ఆనాటి బ్లాక్ మెటలే. బాగుంటాయి, కానీ వాటికోసం ఈ వ్యాసం అక్కర్లేదు. కథ మలుపు తిరిగింది 2003లో, 'ది వర్క్ విచ్ ట్రాన్స్‌ఫార్మ్స్ గాడ్'తో.

ఆ ఆల్బమ్‌లో ఏం చేశారో చెవి పెట్టి చూడండి. గిటార్ స్వరం పుట్టినచోట నిలవదు. మోగుతూ మోగుతూనే కిందికి జారుతుంది, మళ్లీ పైకి పాకుతుంది. రెండు గిటార్లు దాదాపు ఒకే స్థాయిలో ఉండీ ఉండనట్టు మోగితే, ఆ కొద్ది తేడా వల్ల శబ్దంలో ఒక అల పుడుతుంది. వీణకో తంబురకో శ్రుతి చేసేటప్పుడు తీగలు కలవకముందు వినిపించే అలే అది. శ్రుతి చేసేవాళ్లు దాన్ని పోగొట్టాలని చూస్తారు. విండ్స్‌వల్ దాన్ని పెంచి పోషించాడు. దీని కింద డ్రమ్స్ మాత్రం మెషీన్‌లా, కనికరం లేకుండా, గీత గీసినట్టు నడుస్తాయి. పైన అంతా కరిగిపోతుంటుంది, కింద ఏదీ కదలదు. వినేవాడికి కలిగే ఆ తలతిరుగుడు ఇక్కడినుంచే వస్తుంది. లయ కూడా తూలి ఉంటే ఇంత భయం పుట్టేది కాదు.

నమ్మకం కుదరకపోతే ఆల్బమ్ చివరి పాట 'ప్రొసెషన్ ఆఫ్ ద డెడ్ క్లౌన్స్' ఒక్కటి వినండి. దాదాపు పది నిమిషాలు. డ్రమ్స్ శవయాత్ర నడకలో ఒకే అడుగు వేస్తుంటాయి. ఆ మీద ఒక గిటార్ వాక్యం వస్తుంది, సాగుతుంది, పూర్తయ్యేలోపే కుంగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. అంతే, ఇంకేం జరగదు. వేగం లేదు, ఉత్కంఠ లేదు. బ్లాక్ మెటల్ అంటే పరుగని అనుకునేవాళ్లకి ఇది మోసంలా అనిపించవచ్చు. కానీ మెటల్ మొహం చూడనివాళ్లు కూడా ఈ పాట దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే ఇందులో అర్థం చేసుకోవాల్సిందంటూ ఏమీ లేదు. జారుతున్న స్వరం ఏడుపులా ఉంటుందని ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే బాటలో ఇంకా ముందుకెళ్లి 2006లో 'మోర్ట్' చేశారు. పాటలకి పేర్లు కూడా లేవు, అధ్యాయాల సంఖ్యలే. పట్టుకోడానికి కొమ్మ లేదు, రెమ్మ లేదు. గొప్ప ఆల్బమ్ అనే అందరూ అంటారు. మళ్లీ మళ్లీ వినేవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. దాంతో మొదలుపెట్టొద్దు.

ఇక డెత్‌స్పెల్ ఒమేగా. 1998లో పువాతియేలో పుట్టింది. తొలి రెండు ఆల్బమ్‌లు ముడి సరుకు, సేకరించేవాళ్లకి తప్ప పెద్దగా పనికిరావు. 2004లో 'సి మాన్యుమెంటమ్ రిక్వైరిస్, సర్కమ్‌స్పైసే' వచ్చింది. స్మారకం కావాలంటే చుట్టూ చూడు అని దాని భావం. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ సమాధి మీది లాటిన్ మాటలవి. సైతాను ఆరాధన గురించిన ఆల్బమ్‌కి చర్చి సమాధి మీది మాటలు తీసుకొచ్చి పెట్టడంలోనే ఈ బ్యాండ్ స్వభావం ఉంది. వీళ్లకి దేవుడు తిట్టడానికి దొరికిన బొమ్మ కాదు. పుస్తకాలు ముందేసుకుని వాదించాల్సిన ప్రతివాది. ఆ ఆల్బమ్‌తో మొదలైన త్రయం 2007లో 'ఫాస్', 2010లో 'పారక్లీటస్'తో ముగిసింది. 'ఫాస్' సాహిత్యంలో ఫ్రెంచ్ ఆలోచనాపరుడు జార్జ్ బతాయ్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది.

సంగీతం దగ్గరికొస్తే, ఇక్కడ స్వరాలు జారవు. ప్రతి గిటార్ స్వరం సూదిమొనలా స్పష్టంగా ఉంటుంది. కుదురు లేనిది నడకకి. నాలుగు లెక్కపెట్టుకుని మీరు తల ఊపబోయేసరికి వరస ముందే తెగి ఇంకో లెక్కలో పడుతుంది. డ్రమ్మర్ బ్లాస్ట్ బీట్‌నే వాడతాడు, కానీ దాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ వేరే ఒత్తు ఇస్తాడు. ఎడమ గిటార్ ఒకటి అంటే కుడి గిటార్ కాదంటుంది. బేస్ గిటార్ ఇద్దరినీ కాదని తన దారి పడుతుంది. మామూలు బ్లాక్ మెటల్‌లో బేస్ ఉందో లేదో కూడా తెలియదు. ఇక్కడ కొన్నిచోట్ల పాటని మోసేది అదే.

'ఫాస్'లో ఈ గందరగోళానికి తోడు మౌనాన్ని కూడా ఆయుధం చేశారు. ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది, ఒక్క గిటార్ గొణుగుతుంటుంది, హెచ్చరిక లేకుండా మళ్లీ కప్పు కూలుతుంది. మొదటిసారి వింటే అడ్డూ ఆపూ లేని రభసలా ఉంటుంది. పదోసారికి ప్రతి కూలుడూ ముందే కట్టిన లెక్క అని తెలుస్తుంది. ఆ పదిసార్లు వినే ఓపిక ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

'పారక్లీటస్' ఇంకో మెట్టు పైన. 'సి మాన్యుమెంటమ్' డెబ్బై నిమిషాలు దాటి సాగితే, ఇది నలభై పైచిలుకుతో ముగుస్తుంది. పాటల మధ్య గోడలు తీసేసి ఒకే ఊపులో నడిపారు. ఫ్రెంచ్‌లో మాటలు చదివినట్టు పలికే చోట్లు, ఒక్కసారిగా తెరుచుకునే బాణీలు, చివర 'అపోకటాస్టసిస్ పాంటోన్'లో పైకెగసే గిటార్లు. ఇన్ని అపస్వరాల తర్వాత ఆ బాణీ వచ్చినప్పుడు అది ఊరట కాదు, శిక్ష ఖరారైనట్టు ఉంటుంది. ఈ రెండు బ్యాండ్ల మొత్తం పనిలోంచి ఒక్క ఆల్బమ్ ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను.

అయినా కొత్తవాళ్లకి ముందు చేతిలో పెట్టేది ఇది కాదు. బ్లూట్ ఆస్ నార్డ్ వినడానికి సన్నాహం అక్కర్లేదు, శరీరం చాలు. డెత్‌స్పెల్ ఒమేగాకి శ్రద్ధ కావాలి, సాహిత్యం పక్కన పెట్టుకోవాలి. ఇక్కడ గొంతు మాటల్ని ఉపన్యాసంలా విసురుతుంది, ఆ మాటలు తెలియకపోతే సగం బరువు జారిపోతుంది. అక్కడ గొంతు మరో వాయిద్యం, గిటార్ల పొగలో ఎక్కడో మసలుతుంటుంది, మాట తెలియకపోయినా పోయేదేం లేదు. పని చేసుకుంటూ వినాలన్నా, చీకట్లో పడుకుని వినాలన్నా మొదటిదే. లెక్కల తాళాలు, జాజ్, ప్రోగ్ రాక్ అలవాటున్న చెవి మీదైతే మాత్రం నా మాట పక్కనపెట్టి నేరుగా 'పారక్లీటస్'కే వెళ్లండి. జారే గిటార్లు మీకు రెండు పాటలకే విసుగు పుట్టించవచ్చు.

ఇంకో తేడా ఉంది, సంగీతానిది కాదు. డెత్‌స్పెల్ ఒమేగా తమ సభ్యుల పేర్లు ప్రకటించలేదు. కానీ గొంతు ఫలానా ఫిన్లాండ్ సంగీతకారుడిదేనని అందరూ అనుకుంటారు, నియోనాజీ సంగీతంతో అతనికి సంబంధాలున్నాయన్న విమర్శ ఏళ్లుగా ఉంది. ఆ కారణంగా ఈ బ్యాండ్‌ని పూర్తిగా వదిలేసినవాళ్లున్నారు. వినేవాళ్లు తెలుసుకుని వినడం మంచిది. తెలుసుకోకుండా టీషర్ట్ కొనుక్కోవడం మంచిది కాదు.

బ్లూట్ ఆస్ నార్డ్ పక్షాన చెప్పాల్సిన పెద్ద మాట, వాళ్లు ఒకచోట కుదురుగా ఉండరు. 2009లో 'మెమోరియా వెటుస్టా' వరసలో రెండో భాగం తెచ్చి, ఆరేళ్లుగా చెరిపేస్తూ వచ్చిన బాణీలన్నిటినీ ఒక్కసారిగా తిరిగి ఇచ్చేశారు. ఆ వెంటనే 2011, 2012ల్లో మూడు ఆల్బమ్‌ల '777' వరస. పాటలన్నిటికీ 'ఎపిటోమ్' అనే ఒకే పేరు, పక్కన అంకె. మొదటి భాగంలో పాత విషం, మూడోదానికి వచ్చేసరికి నిదానమైన బీట్లు, అరుపు మాని పాడే గొంతు. 2022లో 'డిస్‌హార్మోనియమ్'తో మళ్లీ పొగలోకి దిగిపోయారు. డెత్‌స్పెల్ ఒమేగా కూడా 2022లో 'ది లాంగ్ డిఫీట్'తో నెమ్మదించింది. వాళ్ల శిఖరం మాత్రం 2010లోనే దాటిపోయిందని నా లెక్క. ఒక బ్యాండ్‌తో ఏళ్లపాటు ఉండాలంటే నార్మండీ వైపే మొగ్గుతాను.

దాని క్రమం ఇలా పెట్టుకోండి. ముందు 2009 ఆల్బమ్ 'డయలాగ్ విత్ ద స్టార్స్', చెవికి ఈ గిటార్ గొంతు అలవాటయ్యేదాకా. తర్వాత 2003ది, చివరి పాట నుంచి వెనక్కి వచ్చినా ఫరవాలేదు. ఆపైన '777'. అప్పుడు 'పారక్లీటస్'.

ఇవన్నీ కాదు, మాకు ఎదురుగా నిలబడి వాయించే మనుషులు కావాలంటారా? అప్పుడు ఈ ఇద్దరూ దండగ. ఫిన్లాండ్‌లోని తాంపెరె బ్యాండ్ ఒరాన్సి పజుజు ఉంది. 2007 నుంచి ఉన్నారు, ఫిన్నిష్‌లోనే పాడతారు, బ్లాక్ మెటల్ అరుపుని సైకెడెలిక్ రాక్ మీద ఎక్కించారు. శ్రుతినీ లయనీ వీళ్లు ఏమీ చెయ్యరు. ఒకే బేస్ వరసని మత్తెక్కేదాకా తిప్పి తిప్పి, దాని చుట్టూ కీబోర్డుల మోత పెంచుకుంటూ పోతారు. 2016 నాటి 'వారాహ్తెలియా'లో పదిహేడు నిమిషాల పాట ఒకటుంది. రికార్డులో అది కాస్త ఎక్కువే అనిపించింది నాకు, వేదిక మీదైతే ఇంకా సాగదీయమనేవాణ్ణి.