జాగ్రత్త: చిమ్నీ లోపల కెమెరా పెట్టించకుండా కట్టెల స్టవ్ వెలిగించకండి

మసాచుసెట్స్‌లోనో న్యూ హాంప్‌షైర్‌లోనో పాత ఇల్లు కొంటున్నవాళ్లు, అందులో కట్టెల స్టవ్ కూడా ఉందని మురిసిపోతున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. పోయిన జనవరిలో మా చిమ్నీ అంటుకుంది. అందరం బాగానే ఉన్నాం, ఇల్లూ నిలిచింది. కానీ అంతదాకా తెచ్చుకోవడానికి నేను ముగ్గురికి డబ్బులిచ్చాను. ఆ ముగ్గురి సంగతి చెప్తాను.

మొదటివాడు ఇల్లు అమ్మినాయన. మాది బోస్టన్‌కి పడమర, 1970లలో కట్టిన ఇల్లు. వేడికి ఆయిల్ బాయిలర్ ఉంది. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్, దాని నోట్లోకి దూర్చిన ఇనప స్టవ్. ఇన్సర్ట్ అంటారు. "ఏళ్ల తరబడి వాడుతున్నాం, భేషుగ్గా పనిచేస్తుంది" అన్నాడు. హోమ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఒక్క లైను ఉంది: చిమ్నీ లోపలి భాగం చూడలేదు, తెలిసినవాళ్లతో చూపించుకోండి అని. క్లోజింగ్, అంటే ఇల్లు మన పేరు మీదికి మారే రోజు, ఆ టెన్షన్‌లో ఆ లైను దాటేశాను. ఫైర్ డిపార్ట్‌మెంటువాళ్లు వచ్చి సర్టిఫికెట్ ఇచ్చారు కదా అన్న ధీమా ఒకటి. ఇల్లు చేతులు మారేటప్పుడు ఆ సర్టిఫికెట్ కోసం చూసేది స్మోక్ అలారాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు. చిమ్నీ అందులోకి రాదు.

రెండోవాడు అసలైనవాడు. పోస్టులో కూపన్ వచ్చింది, 79 డాలర్లకే చిమ్నీ క్లీనింగ్ అని. వచ్చాడు, గుడ్డ పరిచాడు, వాక్యూమ్‌తో బూడిద లాగాడు, టార్చి వేసి పైకి చూశాడు. 20 నిమిషాల్లో పని అయిపోయిందన్నాడు. ఇన్సర్ట్ బయటికి లాగలేదు, పైకప్పు ఎక్కలేదు. "బ్రష్ ఏదండీ?" అని మా ఆవిడ అడిగింది. మసి పెద్దగా లేదు, అవసరం లేదన్నాడు. తర్వాత చిమ్నీకి కొత్త టోపీ కావాలి, 300 అవుతుందన్నాడు. మేం ఒప్పుకోలేదు. మోసపోకుండా బయటపడ్డామని ఆ రాత్రి మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం! బిల్లు మీద మాత్రం "శుభ్రం చేశాం, వాడుకోవచ్చు" అని రాసి ఉంది.

మూడోవాడు కట్టెలవాడు. బాగా ఎండిన ఓక్ అని 2 కార్డులు దింపి వెళ్లాడు. కార్డంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్చిన కట్టె. స్టవ్‌లో పెడితే చివరల్లోంచి సుయ్‌మని నురగ. మా అమ్మమ్మ ఉంటే కట్టె తాకకుండానే చెప్పేది. నీళ్ల కాగు కింద పచ్చి కట్టె పెట్టినందుకు మా మామయ్యను ఎన్నిసార్లు తిట్టిందో. ఇంత చదువు చదివి నేను ఆ నురగ చూస్తూ కాఫీ తాగాను. పైగా రాత్రిళ్లు తెల్లారేదాకా నిలవాలని గాలి తగ్గించి పడుకునేవాణ్ని. తడి కట్టె, తక్కువ గాలి. కాలకుండా మిగిలిన పొగ చల్లటి చిమ్నీ గోడలకు తగిలి తారులా అంటుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. చిమ్నీ అంటుకుందంటే అదే ఇంధనం.

ఆ రాత్రి 10 దాటాక గోడలోంచి చప్పుడు మొదలైంది. రైలు వంతెన కింద నిలబడితే పైన గూడ్సు పోతున్నట్టు. స్టవ్ అద్దం గడగడలాడింది. కిటికీలోంచి చూస్తే మంచు మీద నిప్పురవ్వలు రాలుతున్నాయి. గాలి మీట మూసేసి, పిల్లల్ని తీసుకుని కారులో కూర్చుని 911కి ఫోన్ చేశాం. వచ్చినవాళ్లు నీళ్లు కొట్టలేదు. పైనుంచి పొడి నింపిన సంచులు వదిలారు. కాలుతున్న చిమ్నీ లోపల వేడి సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందట, నీళ్లు పడితే చిమ్నీ లోపలి గోడకు పరిచిన మట్టి పెంకులు పగిలిపోతాయట. తర్వాత అటకలో గోడ వెంట థర్మల్ కెమెరా పెట్టి గంటసేపు చూశారు.

వారం తర్వాత సీఎస్‌ఐఏ (చిమ్నీ పనివాళ్లకు పరీక్ష పెట్టే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మనిషిని పిలిచాను. ఇన్సర్ట్ లాగి, పొడవాటి కడ్డీకి కెమెరా కట్టి పైకి పంపాడు. ఫోన్‌లో చూపించాడు: మాడిన అప్పడంలా ఉబ్బిన నల్లటి పెచ్చులు, మధ్యలో మట్టి పెంకు నిలువునా చీలి ఉంది. అసలు విషయం ఇంకోటి. ఇన్సర్ట్‌కీ చిమ్నీకీ మధ్య గొట్టమే లేదు. స్టవ్‌ను ఊరికే నెట్టి వదిలేశారు. పొగంతా ఆ పెద్ద బిలంలో చల్లారుతూ పోయేది. ఇలాంటిదాన్ని స్లామర్ అంటారన్నాడు. ఆ చీలికల్లో కొన్ని పాతవి కూడా కావచ్చట. చప్పుడు లేకుండా కాలి ఆరిపోయే మంటలూ ఉంటాయట. టౌన్ బిల్డింగ్ ఆఫీసులో అడిగితే ఆ స్టవ్‌కి పర్మిట్టే లేదు. మసాచుసెట్స్‌లో పర్మిట్ తప్పనిసరి. కొనకముందే ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది, పైసా ఖర్చు లేకుండా.

స్టవ్ నుంచి చిమ్నీ పైదాకా వేసే స్టీల్ గొట్టానికి, అంటే లైనర్‌కి, 4,600 డాలర్లు అయింది. కూపన్ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కూపన్ మీద పేరూ బిల్లు మీద పేరూ వేరని అప్పుడు చూశాను.

కాబట్టి ఇల్లు కొనేవాళ్లు లెవెల్ 2 ఇన్‌స్పెక్షన్, అంటే చిమ్నీ లోపల కెమెరా పెట్టి చూసేది, అని పేరు పెట్టి అడగండి. ఇల్లు చేతులు మారేటప్పుడు అది చేయించాలని ఎన్‌ఎఫ్‌పీఏ 211 (చిమ్నీల మీద అమెరికా అగ్నిభద్రతా సంస్థ రాసిన ప్రమాణం) చెప్తోంది. క్లీనింగ్‌కి ఎవరొచ్చినా బ్రష్ పెట్టకముందు ఒక ఫోటో, పెట్టాక ఒకటి చూపించందే డబ్బులివ్వకండి. మసి 3 మిల్లీమీటర్ల మందం చేరినా తీయించాల్సిందే. కట్టె కొనేటప్పుడు ఒకటి చీల్చి, లోపలి ముఖానికి తేమ మీటరు గుచ్చండి. పైన గుచ్చితే మోసపోతారు. 20 శాతం దాటితే వెనక్కి పంపేయండి. మీటరు 30 డాలర్లలోపే దొరుకుతుంది.

మిగిలిన ఓక్ పెరట్లో పేర్చి, పైన మాత్రం టార్పాలిన్ కప్పాను. మొన్న ఒకటి చీల్చి చూస్తే 27. ఈ చలికాలానికీ పనికిరాదు.