కీటోకొనజోల్ షాంపూతో మూడేళ్లు: తగ్గిందేమిటి, తగ్గనిదేమిటి

2022 సెప్టెంబరులో నాకు డెంగీ వచ్చింది. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇక గండం గడిచిందనుకున్నాం. డిసెంబరు మొదటి వారం నుంచి జుట్టు రాలడం మొదలైంది. తలస్నానం చేసిన రోజు బాత్‌రూమ్ జాలీ మూసుకుపోయి నీళ్లు మడమల దాకా నిలిచేవి. నన్ను చూసుకోవడానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మ అప్పటికింకా నా దగ్గరే ఉంది. దువ్వెనకు వచ్చిన చిక్కు తీసి, వేలికి చుట్టి, రోజూ ఓ పాలిథిన్ కవర్లో వేసేది. సంక్రాంతికి ఊరెళ్తూ ఆ కవర్ కూడా పట్టుకెళ్లింది. వీధిలోకి జుట్టు కొనే అతను వస్తే ఇచ్చేసి, బదులుగా ఓ స్టీలు గిన్నె తీసుకుందట. మంచి బరువున్న గిన్నె అని ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఈలోగా నేను అందరూ చేసే పనే చేశాను, షాంపూలు మార్చాను. రెండు నెలల్లో నాలుగు సీసాలు. జుట్టు రాలడాన్ని ఆపేస్తుందని ముందువైపు పెద్దక్షరాలతో చెప్పుకున్న ఒకదాన్ని తిప్పి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదివితే, ఓ చుక్క గుర్తు పక్కన చీమంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది: జుట్టు తెగడం వల్ల రాలేవాటికి మాత్రమేనట! అంటే చిక్కుపడి మధ్యలో తెగేవాటికి. నావి తెగినవి కావు. ముదురు ఎర్ర తువ్వాలు మీద ఒక్కో వెంట్రుకా పరిచి చూస్తే, ఒక చివర గసగసంత తెల్లటి బుడిపె కనిపించింది. మొదలంటా ఊడివచ్చినవే.

దానికి తోడు చుండ్రు. నల్ల కుర్తా వేసుకోవడం మానేశాను. చెవుల వెనక, నుదుటి అంచున పసుపుపచ్చని జిడ్డు పొలుసులు. రాత్రి నిద్రలో గోకేసుకునేదాన్ని, పొద్దున చూస్తే గోళ్లలో రక్తం.

"నూనె ముట్టక మాడు ఎండిపోయిందే నా తల్లీ" అని అమ్మ వారానికి మూడుసార్లు గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించింది. ఆదివారం కుంకుడుకాయ రసంతో తలంటు. కుంకుడుకాయ మీద నాకు కోపం లేదు, కళ్లు మండినా ఆ వాసన ఇష్టం. కానీ నెల తిరిగేసరికి పొలుసులు మందంగా అట్టకట్టాయి.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాక విషయం తేలిపోయింది. ఆవిడ ఓ యాభై వెంట్రుకల పాయను రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగింది. ఎనిమిదో తొమ్మిదో వచ్చేశాయి. "ఇవి రెండు జబ్బులమ్మా, ఒకటే అనుకుని తిప్పలు పడుతున్నారు" అంది. పెద్ద జ్వరం వస్తే బోలెడన్ని వెంట్రుకలు పెరగడం ఆపి ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్తాయట, రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయట. మామూలు రోజుల్లోనూ యాభై నుంచి వంద దాకా రాలడం సహజమే. రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) 11 ఉంది, అంటే బాగా తక్కువ, దానికి ఐరన్ మాత్రలు రాసింది. చుండ్రు సంగతి వేరు. మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అందరి మాడు మీదా ఉంటుంది, మాడు జిడ్డే దాని తిండి. కొందరికి అది పడక మంట, దురద, పొలుసులు వస్తాయి. మేం పోసిన నూనె కూడా దానికి విందు భోజనమే. నాకు కావలసింది ఆ ఈస్ట్‌ను తగ్గించే మందు షాంపూ: కీటోకొనజోల్ 2 శాతం. నూనె బంద్.

వాడే పద్ధతి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొదటి పది రోజులు నేనే తప్పు వాడాను. మామూలు షాంపూలా జుట్టంతా నురగ చేసి వెంటనే కడిగేశాను, ఏమీ తగ్గలేదు. ఇది జుట్టుకు కాదు, మాడుకు. తల బాగా తడిపి, దువ్వెన తోకతో పాపిట తర్వాత పాపిట తీస్తూ, వేళ్ల కొసలతో (గోళ్లతో కాదు) మాడుకు తగిలేలా రాయాలి. తర్వాత ఐదు నిమిషాలు అలాగే వదిలేయాలి. ఊరికే నిలబడితే ఐదు నిమిషాలు చాలా పెద్దవి! నేను ఫోన్లో టైమర్ పెట్టుకుని ఆలోపు ఒళ్లు రుద్దుకునేదాన్ని. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత పది రోజులకోసారి. మిగతా తలస్నానాలకు ఏదో ఒక మామూలు షాంపూ.

రెండు వారాలకు పొలుసులు సగానికి సగం తగ్గాయి. నెలకు దురద పోయింది. ఇక అంతా బాగుందని మే నెలలో మానేశాను, జూలైకల్లా మళ్లీ మొదలైంది. అది నయమై పోయేది కాదని, అదుపులో పెట్టుకునేదని అప్పుడు అర్థమైంది. ఇప్పటికి మూడేళ్లు, ఇంకా వాడుతున్నాను.

ఇబ్బందులూ చెప్పాలి. జుట్టు కొబ్బరి పీచులా అవుతుంది. అందుకని చెవుల నుంచి కింది భాగానికే కండిషనర్ రాస్తాను, మాడుకు తగలనివ్వను. మా నిజాంపేట అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు బకెట్‌కు తెల్ల పెచ్చు కట్టే రకం. ఆ నీళ్లతో జుట్టు మరీ గరుకుగా తయారై దువ్వేటప్పుడు తెగుతుంది. ఒకరి మాట విని షవర్ ఫిల్టర్ కొన్నాను, పెచ్చు అలాగే కట్టింది, డబ్బు దండగ. ఇప్పుడు చివరి రెండు చెంబులు మంచినీళ్ల కుళాయివి పోసుకుంటాను, తేడా తెలుస్తుంది.

మరి జుట్టు రాలడం? నాకు తగ్గింది, 2023 వేసవి నాటికి. కానీ దాని ఘనత షాంపూకు ఇవ్వలేను. డెంగీ దెబ్బకు రాలినవి వాటంతటవే ఆగాయి, ఐరన్ పనిచేసింది, పాపిట దగ్గర పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి. షాంపూ చేసిన సాయమల్లా గోకుడు ఆపడం, వాచిన మాడును చల్లబరచడం. అది చిన్నదేం కాదు.

షాంపూకు రాలడంతో ఎంత సంబంధమో మా ఆయన్ని చూస్తే తెలుస్తుంది. నాకు తగ్గిందని నా సీసా దొంగతనంగా వాడి సగం ఖాళీ చేశారు. వాళ్ల నాన్నగారిలాగే నడినెత్తిన పలచబడిన తల, వంశపారంపర్యంగా వచ్చింది. ఏడాది తర్వాత కూడా అలాగే ఉంది, కాకపోతే చుండ్రు లేదు. పదేళ్ల మా అమ్మాయి తలలో తెల్లగా కనిపిస్తే దానికీ పూయబోయి ఆగాను. చుండ్రయితే విదిలిస్తే రాలుతుంది, ఇవి వెంట్రుకను కరుచుకుని కదలనంటున్నాయి. ఈపి! బడి నుంచి తెచ్చుకుంది. ఆ కథ ఈ షాంపూది కాదు, సన్నపళ్ల దువ్వెనది.

2024 సంక్రాంతికి నేనే తెనాలి వెళ్లాను. అంతకుముందు అమ్మ మళ్లీ నా దగ్గర మూడు నెలలుండి, అలవాటు కొద్దీ చిక్కు పోగుచేసింది. జుట్టు కొనే అతను కవర్ విప్పి, అరచేతిలో పెట్టి తూచి, ఓ టీ వడపోసే జల్లెడ ఇచ్చాడు. అమ్మ పావుగంట బేరమాడింది. "ఇంతేనమ్మా వస్తది, జుట్టేదీ?" అన్నాడతను. అమ్మ నావైపు కోపంగా చూసింది.