కళ్ళ కదలికల థెరపీ అని ప్యాకేజీ కట్టించుకునే వాళ్ళతో జాగ్రత్త. గురువారం నాకు జరిగింది చదవండి

భీమవరం వైపు ఉన్న ఒక థెరపీ సెంటర్ సంగతి ఇది. పేరు రాయను, వాళ్ళ వీడియోలు చూసే వాళ్ళకి ఎవరి గురించో తెలిసిపోతుంది. గురువారం వెళ్ళాను, ఇవాళ ఆదివారం. మూడు రాత్రులుగా సరైన నిద్ర లేదు. కాస్త కుదుటపడ్డాక రాద్దువులే అని మా ఆయన అంటున్నారు కానీ, నేను కుదుటపడేలోపు మీలో ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటారని భయంగా ఉంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో పెళ్ళికి వెళ్ళి రాత్రి తిరిగొస్తుంటే మా కారు కాలువలో పడింది. గట్టు రోడ్డు, వాన, ఎదురుగా రొయ్యల లోడు బండి. మన వైపు ఏటా ఎక్కడో ఒకచోట జరిగేదే, వివరంగా చెప్పక్కర్లేదు. మా ఆయన, నేను బయటపడ్డాం. మా పిన్ని పడలేదు. ఆ నీళ్ళలో ఆవిడ చెయ్యి కాసేపు నా చేతిలో ఉంది. తర్వాత లేదు.

అప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. బోరు మోటారు వేసి తొట్టెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే గుండె దడ. మట్టి గాజులు వేసుకోవడం మానేశాను, తడి చేతికి గాజులు తగిలితే తట్టుకోలేను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో నర్సాపురంలో దిగుతాం, నేను మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాను, ఆ వంతెన దాటేంతసేపూ కళ్ళు మూసుకునే ఉంటాను. మా అత్తగారు 1996 నవంబరు 6 తుఫాను చూసినావిడ. ఇప్పటికీ గాలి కాస్త గట్టిగా వీస్తే తలుపులన్నీ వేసి దేవుడి గదిలో కూర్చుంటారు. ఆవిడకి చాదస్తం అనుకునేవాళ్ళం ఇంట్లో అందరం. నాకు వచ్చాక తెలిసింది ఆవిడ ఇన్నేళ్ళుగా ఏం మోస్తున్నారో.

సరే, ఆ సెంటర్ ఆయన ఒక వీడియోలో వేళ్ళు అటూ ఇటూ కదుపుతూ ఈఎండీఆర్ గురించి చెప్పారు, అంటే బాధ పెట్టే జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిపించి మనసు గాయాలకి చేసే థెరపీ, ఎంత పాత గాయమైనా మూడు సిట్టింగుల్లో పోతుంది, మందులు అక్కర్లేదు, గ్యారంటీ అన్నారు. ఫోన్ చేస్తే ఆయనే మాట్లాడారు, ఎంత మెత్తగా అంటే, "అమ్మా, మీరింక భయపడకండి, మీ బరువు నాకు ఇచ్చేయండి" అన్నారు. ఆ మాటకి ఫోన్‌లోనే ఏడ్చేశాను. ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ 16,000, ముందు 10,000 కడితేనే డేట్ ఇస్తామన్నారు. చీటీ పాడుకున్న డబ్బులో నుంచి అప్పటికప్పుడు ఫోన్‌పే చేసేశాను. పేరు ముందు డాక్టర్ అని ఉంది. ఏ డాక్టరు, ఎక్కడ చదివారు అని ఒక్క మాట అడగలేదు నేను. వంకాయలు కొనేటప్పుడు కూడా పుచ్చు ఉందేమో చూసి కొంటానే, నా మనసు ఒకరి చేతిలో పెట్టేటప్పుడు ఏమీ చూసుకోలేదు. ఆ తప్పు నాదే.

గురువారం పదకొండింటికి రమ్మన్నారు, పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. మా ఆయన్ని బయటే ఉండమన్నారు. కూర్చోగానే, "ఏం జరిగిందో మొత్తం చెప్పండి మేడమ్, ఏదీ దాచకండి." చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఫిట్స్ ఉన్నాయా, కంటి జబ్బు ఏమైనా ఉందా, ఏ మందులు వాడుతున్నారు, రాత్రి ఎవరు తోడుంటారు, ఇవేమీ అడగలేదు. మధ్యలో తట్టుకోలేకపోతే ఎలా చెప్పాలో కూడా చెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు వేళ్ళు నా ముఖం ముందు పెట్టి, "ఆ చెయ్యి జారిన క్షణం చూడండి, అదే చూస్తూ నా వేళ్ళని ఫాలో అవ్వండి" అని కదపడం మొదలుపెట్టారు.

నేను నిజంగానే ఫాలో అయ్యాను. నమ్మి వెళ్ళాను కదా. మూడోసారో నాలుగోసారో కదిపేసరికి అంతా వచ్చేసింది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అంత స్పష్టంగా రాలేదు. కాలువ నీళ్ళ వాసన, ముక్కులోకి పోయిన బురద, పిన్ని గాజులు నా మణికట్టుకి గీసుకున్న మంట. ఊపిరి అందడం లేదు, ఆపండి సార్ అన్నాను. "అదే మంచిది, రానివ్వండి, రానివ్వండి" అంటున్నారు. కళ్ళ నీళ్ళలో నుంచి చూస్తే ఆయన కుడిచేతి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి, ఎడం చేతిలో ఫోన్ ఉంది, ఆయన దాన్ని చూస్తున్నారు. నేను అక్కడ మునిగిపోతుంటే ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరి మెసేజో చదువుకుంటున్నారు.

ఇంతలో తలుపు తట్టి రిసెప్షన్ అమ్మాయి తొంగి చూసింది. ఆయన లేచి నిలబడి, "టైమ్ అయిపోయింది మేడమ్, మిగతాది వచ్చే గురువారం చూద్దాం" అన్నారు. నేను లేవలేకపోయాను. కాళ్ళలో సత్తువ లేదు, దవడ కొట్టుకుంటోంది. రెండు నిమిషాలు కూర్చుంటాను సార్ అన్నాను. బయట పేషెంట్లు ఉన్నారంటూ తలుపు బార్లా తెరిచి పట్టుకున్నారు. బయట బెంచీ మీద నలుగురు నన్నే చూస్తున్నారు. ఇలా ఎలా పంపిస్తారండీ అని మా ఆయన అడిగితే, వాళ్ళందరి ముందూ ఆయన అన్న మాట ఇది: "ఆవిడ వదలడం లేదండీ, అదే ఆవిడ ప్రాబ్లం. పట్టుకుని కూర్చున్నారు. వదిలేయడం నేర్చుకోవాలి."

వదిలేయడం. చెయ్యి జారిపోయిందని, నేనే వదిలేశానేమోనని, రెండేళ్ళుగా చచ్చిపోతున్న మనిషితో, పావుగంట ముందు ఆ సంగతి రెండుసార్లు తన నోటితో చెప్పించుకుని మరీ, అన్న మాట.

నాకు మాట రాలేదు. మా ఆయన గట్టిగా మాట్లాడబోతే నేనే ఇంటికి పోదాం అన్నాను. మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వెనకాలే వచ్చి మిగతా 6,000 వచ్చే వారం లోపు కట్టమని గుర్తు చేసింది. బండి మీద వస్తుంటే చించినాడ వంతెన మధ్యలో ఆపించేశాను. కళ్ళు మూసుకుంటే కాలువ, తెరిస్తే గోదావరి. ఎటూ చూడలేక మా ఆయన చొక్కాలో ముఖం పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎవరో ముసలాయన సైకిల్ ఆపి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అని మంచినీళ్ళ సీసా ఇచ్చి, మేం కదిలేదాకా అక్కడే ఉండి వెళ్ళారు. డబ్బు తీసుకున్న మనిషి ఇవ్వని రెండు నిమిషాలు ఆయన ఇచ్చారు.

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయలేను. ఒంటిగంటకి మా ఆయన 14416కి చేశారు, టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన నంబరు, డబ్బులు అక్కర్లేదు, రాత్రిళ్ళూ పలుకుతారు. అవతల ఒకమ్మాయి తెలుగులో మాట్లాడింది, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించింది, కాళ్ళు నేలకి ఆనించి కూర్చోమంది. నెమ్మది మీద దడ తగ్గింది. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు నేను.

మర్నాడు మా అక్క కూతురు విశాఖ నుంచి ఫోన్ చేసింది, అది క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేస్తోంది. అంతా విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "పిన్నీ, ఆ వైద్యం మంచిదే. ఆయన నీకు చేసింది ఆ వైద్యం కాదు." నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఈ మాటే. నాలాగా దెబ్బ తిన్నవాళ్ళు ఇంక దాని జోలికే పోకూడదు అనుకుంటారేమో, అది కూడా నష్టమే.

అది చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా. 1987లో అమెరికాలో ఫ్రాన్సీన్ షాపిరో అనే ఆవిడ పార్కులో నడుస్తుంటే, కళ్ళు అటూ ఇటూ కదిలినప్పుడు మనసుని తొలిచే ఆలోచనల తీవ్రత తగ్గినట్టు గమనించిందట. దాని మీద పనిచేసి 1989లో మొదటి అధ్యయనం అచ్చువేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇలాంటి గాయాలకి సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదీ ఉంది. కళ్ళ కదలిక వల్లే గుణం వస్తుందా, లేక జ్ఞాపకాన్ని జాగ్రత్తగా ఎదుర్కోవడం వల్ల వస్తుందా అన్నది పండితుల్లో ఇంకా వాదనే. ఒక వివరణ ఏంటంటే, బాధ పెట్టే బొమ్మని మనసులో పట్టుకుని కళ్ళతో ఇంకో పని చేస్తుంటే బుర్ర రెండిటినీ పూర్తిగా మోయలేదు, అందుకని ఆ బొమ్మ పదును తగ్గుతుంది అని.

కానీ అందులో ఎనిమిది దశలు ఉంటాయట. వేళ్ళు కదపడం నాలుగో దశ. నన్ను తిన్నగా అక్కడికే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. దానికి ముందు మన కథ అంతా మెల్లగా తెలుసుకోవాలి, మనం తట్టుకునే స్థితిలో ఉన్నామో లేదో చూడాలి, మనసులో ప్రశాంతంగా ఉండే ఒక చోటు తయారుచేయించాలి, చెయ్యెత్తితే ఆపుతాను అని ఒక గుర్తు పెట్టుకోవాలి. బాధ ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా అడగాలి. నా గురించి నేను ఏం నమ్ముతున్నానో కూడా అడగాలి. నా విషయంలో "నేనే వదిలేశాను" అనే మాట పట్టుకుని, "చేయగలిగింది చేశాను" అన్నది ఎంత నిజం అనిపిస్తోందో ఒకటి నుంచి ఏడు దాకా చెప్పించేవాళ్ళట. ఇది విన్నప్పుడు చాలాసేపు ఏడ్చాను. అక్కడ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. జరిగిందంతా నోటితో వివరంగా చెప్పాల్సిన అవసరం కూడా ఉండదట, నాతో రెండుసార్లు చెప్పించారు.

అన్నిటికంటే ముఖ్యం, సిట్టింగ్ పూర్తయినా కాకపోయినా మనిషిని నెమ్మదింపచేసి, ఊపిరి సర్దుకున్నాక, ఈ వారంలో కలలు రావచ్చు, జ్ఞాపకాలు రావచ్చు, వస్తే ఇలా చెయ్యండి అని చెప్పి గానీ బయటికి పంపకూడదు. సిట్టింగ్ గంట నుంచి గంటన్నర దాకా పెట్టుకునేది అందుకేనట. కాలువ లాకుల తలుపులు ఎత్తేసి, దించే మనిషి లేకుండా వదిలేసినట్టు నన్ను వదిలేశారు. నీళ్ళు ఎవరి చేల మీద పడితే ఆయనకేం.

శనివారం మా ఆయన డబ్బు అడగడానికి ఫోన్ చేశారు. ప్యాకేజీకి రిఫండ్ లేదన్నారు. మీ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పండి అంటే, "మీకు నమ్మకం లేకపోతే ఎవరూ బాగుచేయలేరు" అని పెట్టేశారు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసేవాళ్ళ పేరు భారత పునరావాస మండలి రిజిస్టర్‌లో ఉండాలి, అదే ఆర్‌సీఐ. ఈయన పేరు మా అక్క కూతురు వెతికింది, దొరకలేదు. రసీదు కూడా ఇవ్వలేదు మాకు, ఫోన్‌పే స్క్రీన్ మీద ఉన్నదే ఆధారం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు చేస్తాం.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే ముందు ఆర్‌సీఐ నంబర్ అడగండి, ఈఎండీఆర్ శిక్షణ ఎక్కడ పొందారో అడగండి. మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. మొదటి రోజే వేళ్ళు కదిపితే ఆపమనండి. ఒంటరిగా వెళ్ళకండి. మందులు వాడుతున్నవాళ్ళు ఎవరో వీడియోలో చెప్పారని ఆపేయకండి. అక్కడ ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఉంటే నాకు చెప్పండి, కలిసి అడుగుదాం, ఒక్కళ్ళమైతే వినడం లేదు.

నాకు మంగళవారం కాకినాడలో అపాయింట్‌మెంట్ ఉంది, ముందు సైకియాట్రిస్టు చూస్తారు, తర్వాత థెరపీ సంగతి. దారిలో బోడసకుర్రు దగ్గర ఒక వంతెన, యానాం దగ్గర ఒక వంతెన దాటాలి. బస్సులో కిటికీ వైపు తను కూర్చుంటానన్నారు మా ఆయన.