పాతికేళ్ళ తరువాత మళ్ళీ మ్యూటూ

1998లో జపాన్‌లో విడుదలైన తొలి పోకేమాన్ (వింత జీవులను పట్టి, పెంచి, పోరుకు దింపే వీడియో గేమ్) చలనచిత్రాన్ని, చిన్ననాడు టీవీలో చూసిన ఇన్నేళ్ళకు, మొన్న ముసురు పట్టిన ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, ఎనిమిదేళ్ళ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చూశాను. కునిహికో యుయామా దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కథను నడిపేది అందరికీ తెలిసిన పసుపురంగు పోకేమాన్ పికాచూ కాదు, మ్యూ అనే అరుదైన జీవి అవశేషం నుంచి శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో సృష్టించిన మ్యూటూ. తనను ఎందుకు పుట్టించారన్న ప్రశ్నకు తగిన జవాబు దొరక్క మనుషులపై పగబట్టిన ఆ పాత్రను అప్పట్లో ఉత్త ప్రతినాయకుడిగానే చూశాను. ఇప్పుడు దాని ప్రశ్నలే చిత్రానికి ప్రాణమనిపించాయి.

పోకేమాన్లను పెంచే ట్రైనర్లు మ్యూటూ పిలుపుపై తుఫాను సముద్రాన్ని దాటి దాని ద్వీపానికి చేరే ఘట్టం ఉత్కంఠగానే సాగుతుంది, కానీ 2014 నాటి హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసికి ఆ ప్రయాణం కాస్త తేలికగా తోస్తుంది.

అసలు బలమంతా పతాక సన్నివేశాలలో ఉంది. పోకేమాన్లూ మ్యూటూ సృష్టించిన వాటి నకళ్ళూ సొమ్మసిల్లేదాకా కొట్టుకుంటుండగా, తన నకలు ఎంత కొట్టినా తిరిగి చెయ్యెత్తని పికాచూను చూసి మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయితే పోరాటాలే ఆధారమైన ఆట నుంచి పుట్టిన చిత్రం పోరాటం తప్పని చెప్పడంలో ఉన్న చిక్కును దర్శకుడు విప్పలేకపోయాడు. ఆంగ్ల అనువాదమైతే ఆ నీతిని మరీ విడమరచి చెప్పి విసిగిస్తుంది.

2019లో కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీసిన పునర్నిర్మాణం కూడా ఉంది. అందులో ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉంటాయి కాబట్టి, పిల్లలకు పాతదే చూపించండి.